దూకే ముందు, ఒడ్డెక్కే ముందు

చిన్నారి ఈతగాళ్ల శిక్షణలో అందరూ కోత పెట్టేది మొదటి నిమిషాలకూ, చివరి నిమిషాలకూ. వారి భుజాలను, ఊపిరిని, ఒక్కొక్కప్పుడు ప్రాణాన్ని కాపాడేవి కూడ ఆ నిమిషాలే.

హౌరాలో చెన్నై వైపు వెళ్లే రైలెక్కిన వారికి మొట్టమొదట కనిపించే స్టేషను టికియాపారా. మెయిలు బండ్లు అక్కడ ఆగవు. అయినా ఆ స్టేషను దాటేవరకు ఏ బండీ వేగం అందుకోదు; కలుస్తూ విడిపోతూ ఉండే పట్టాల మీద ఆచితూచి అడుగు వేస్తున్నట్లు సాగుతుంది. చుట్టూ విశాలమైన రైల్వే యార్డులు. లోకల్ రైళ్లకు అక్కడ కార్‌షెడ్ ఉన్నది. దూర ప్రాంతాల నుండి తిరిగివచ్చిన బోగీలను అక్కడ కడుగుతారు. చక్రాలు, బ్రేకులు పరీక్షిస్తారు. మరొక ప్రయాణానికి సిద్ధం చేస్తారు. ప్రయాణికుడు కొనుక్కునే టైమ్‌టేబుల్‌లో ఈ పనికి చోటు లేదు. కాని ఈ పని జరగకపోతే ఆ టైమ్‌టేబుల్‌కే అర్థం లేదు.

అక్కడికి దగ్గరలోనే బెలిలియస్ రోడ్డు. చిన్న చిన్న లేతు మిషన్లకు, ఇనుప పనులకు పేరుపొందిన వీధి అది. కరిగించి పోసిన ఇనుమును అచ్చులో నిదానంగా చల్లారనివ్వాలనీ, తొందరపడి బయటికి లాగితే బీటలు వారుతుందనీ హౌరాలోని పోత పనివారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఒకప్పటి బెంగాల్–నాగపూర్ రైల్వేలోను, హుగ్లీ తీరపు జనపనార మిల్లులలోను పని వెతుక్కుంటూ ఉత్తర కోస్తా జిల్లాల నుండి వెళ్లిన తెలుగు కుటుంబాలకు ఈ పరిసరాలు తరతరాలుగా పరిచితాలే. ఇది చెరువుల నేల కూడాను. నదికి ఆవలి ఒడ్డున కోల్‌కతాలో కాలేజ్ స్క్వేర్, హెదువా వంటి చోట్ల నగరం నడిబొడ్డున ఉన్న తటాకాలే ఈత బడులయ్యాయి. భారతదేశానికి గొప్ప ఈతగాళ్లను ఇచ్చిన నేల ఇది.

ఇనుప చక్రానికీ, పోత ఇనుముకూ మనం ఇచ్చే వ్యవధిని పదేళ్ల పిల్ల భుజానికి ఇస్తున్నామా? ఈ ప్రశ్న ఒక్క హౌరాకు చెందినది కాదు. ఈత కొలను ఉన్న ప్రతి ఊరిలోను అడగవలసిన ప్రశ్న.

నేరుగా నీటిలోకి

ఒక సాయంత్రం ఏ ఊరి ఈత కొలను దగ్గరికైనా వెళ్లి చూడండి. స్కూలు నుండి తండ్రి స్కూటరు వెనుక కూర్చుని వచ్చిన పిల్ల సంచి పక్కన పడవేసి, దుస్తులు మార్చుకొని, పరుగున వచ్చి నీటిలోకి దూకుతుంది. దొరికినది ఒక్క గంట. డబ్బు కట్టినందుకు ఒక్క నిమిషమైనా వృథా కారాదని పెద్దల ఆరాటం. చివరి నిమిషం వరకు వేగంగా ఈదించాలని శిక్షకుని పట్టుదల. విజిలు మోగుతుంది. తరువాతి బృందం అప్పటికే ఒడ్డున నిలబడి ఉంటుంది. పిల్ల రొప్పుతూ గోడను తాకి, ఆ ఊపులోనే మెట్లెక్కి బయటికి వచ్చి, తడి తలతోనే ఇంటికి బయలుదేరుతుంది.

ఇందులో ఎవరికీ లోపం కనబడదు. ఆ రోజు ఏ ప్రమాదమూ జరగదు కూడ. నష్టం లెక్కకు రావడానికి నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు పడుతుంది.

ఆ లెక్క ఎలా ఉంటుందో చూడండి. 25 మీటర్ల కొలనును 18 బారలలో దాటే పిల్ల రోజుకు 3 కిలోమీటర్లు ఈదుతున్నదనుకుందాం. ఆ కొలనును 120 సార్లు దాటాలి. అంటే 2,160 బారలు. ఒక్కొక్క భుజం 1,080 సార్లు గిరగిర తిరగాలి. వారానికి అయిదు రోజులు చొప్పున, ఒక్కొక్క భుజానికి 5,400 సార్లు. బరువులు మోసే కూలీకి కూడ ఇన్నిసార్లు చేయి తలపైకి ఎత్తే అవసరం ఉండదు.

మన శరీరంలో భుజపు కీలుకు ఉన్నంత స్వేచ్ఛ మరే కీలుకూ లేదు. ఆ స్వేచ్ఛకు మూల్యం కూడ ఉన్నది. కీలులోని గిన్నె లోతు తక్కువ. చేతి ఎముక తలను ఆ గిన్నెలో కుదురుగా పట్టి ఉంచే భారమంతా నాలుగు చిన్న కండరాల మీదనే పడుతుంది. అవి అలసినప్పుడు ఎముక తల కొద్దిగా పక్కకు జరిగి, పైనున్న స్నాయువులను ఒరుసుకుంటుంది. 1974లో కెన్నెడీ, హాకిన్స్ అనే కెనడా వైద్యులు ఈ బాధకు ‘ఈతగాని భుజం’ అని పేరు పెట్టారు. చేయి తలపైకి ఎత్తినప్పుడు కలుక్కుమనే నొప్పితో అది మొదలవుతుంది. దానితోనే ఎందరో పిల్లలు ఈతకు స్వస్తి చెబుతారు.

ముందుగా ఒళ్లు వేడిచేసుకున్నంత మాత్రాన ఈ నొప్పి రానే రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. బార వేయడంలో లోపం, శక్తికి మించిన దూరం, చాలని విశ్రాంతి కూడ కారణాలే. కాని బిగిసి ఉన్న భుజాన్ని మొదటి బారనుండే పూర్తి వేగంతో తిప్పడం, ఆ కారణాలన్నిటికీ ఆజ్యం పోయడమే.

ఒంటిలో ఏం జరుగుతుంది?

ఒళ్లు వేడెక్కడం అనేది మాటవరసకు అనే మాట కాదు. థర్మామీటరుతో కొలవగలిగిన మార్పు. విశ్రాంతిగా ఉన్నప్పుడు చేతుల, కాళ్ల కండరాలు శరీరపు లోపలి భాగాలకన్న చల్లగా ఉంటాయి. తేలికపాటి వ్యాయామం మొదలుపెట్టిన మూడు నుండి అయిదు నిమిషాలలో వాటి ఉష్ణోగ్రత చురుకుగా పెరుగుతుంది. పది, ఇరవై నిమిషాల మధ్య ఒక స్థాయికి వచ్చి నిలుస్తుంది.

వేడెక్కిన కండరానికి కలిగే లాభాలు అనేకం. వేడి సోకగానే రక్తంలోని హిమోగ్లోబిన్ తాను మోసుకొని వచ్చిన ప్రాణవాయువును మరింత ఉదారంగా విడిచిపెడుతుంది. నరాల ద్వారా ఆజ్ఞలు త్వరగా చేరుతాయి. ఆహారాన్ని శక్తిగా మార్చే రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి. కండరం బిగువు తగ్గి సులభంగా సాగుతుంది. కండరపు ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే చురుకైన, స్వల్పకాలపు శ్రమలో సామర్థ్యం సుమారు 2 నుండి 5 శాతం వరకు పెరుగుతుందని పరిశోధకుల అంచనా.

ఈ విషయాన్ని మొదట శ్రద్ధగా కొలిచినవారిలో డెన్మార్క్‌కు చెందిన ఆస్ముసెన్, బొయె అనే శాస్త్రజ్ఞులు ముఖ్యులు. సైకిలు వంటి యంత్రాన్ని తొక్కించి, వేడెక్కిన కండరాలు అదే పనిని తక్కువ కాలంలో పూర్తిచేస్తాయని 1945లో వారు నిరూపించారు. ఈత విషయంలో 1956లో ఆస్ట్రేలియా శిక్షకుడు ఫోర్బ్స్ కార్లైల్ ఒక సులభమైన పరీక్ష చేశాడు. పందెానికి ముందు ఈతగాళ్లను ఎనిమిది నిమిషాలపాటు వేడినీటి షవరు కింద నిలబెట్టాడు. ఏ వ్యాయామమూ లేకుండానే వారి వేగం సుమారు ఒక శాతం పెరిగింది. వేడినీళ్లే అంత చేస్తే, తగిన కదలికలు ఇంకెంత చేస్తాయో ఊహించుకోవచ్చు.

అయితే ఈతగానికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. పరుగు పందెగాడు గాలిలో నిలబడతాడు. ఈతగాడు నీటిలో ఉంటాడు. నీరు గాలికన్న సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగివేస్తుంది. పోటీల కొలనులలో నీటి ఉష్ణోగ్రత 25 నుండి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. మన ఒంటి వేడికన్న అది ఎంతో తక్కువ. పిల్లల సంగతి మరీను. బరువుతో పోల్చిచూస్తే వారి చర్మపు వైశాల్యం పెద్దవారికన్న ఎక్కువ. కాబట్టి వారు త్వరగా చల్లబడతారు. నీటిలో ఊరకే నిలబడి సూచనలు వింటున్న పిల్లవాని పెదవులు నీలంగా మారడం ఎవరైనా చూడవచ్చు. వాడికి కావలసింది ఉపన్యాసం కాదు, కదలిక.

ఒడ్డున అయిదు, నీటిలో పది

దీనికి ఖరీదైన పరికరాలేవీ అవసరం లేదు. ఒడ్డున అయిదు నిమిషాలు, నీటిలో పది నిమిషాలు ఉంటే చాలు.

ఒడ్డున మొదటి నిమిషం చురుకైన నడక, లేదా నిలబడినచోటనే మెల్లని పరుగు. కొలను అంచున పరుగెత్తరాదు, జారిపడతారు. ఆ తరువాత చేతులను ముందుకు పది సార్లు, వెనుకకు పది సార్లు, మొదట చిన్న వలయాలుగా, క్రమంగా పెద్ద వలయాలుగా తిప్పాలి. భుజాలను చెవులవరకు ఎత్తి దించాలి. నడుమును ఇటూ అటూ తిప్పాలి. ఒక్కొక్క కాలును ముందుకూ వెనుకకూ ఊపాలి. చీలమండలను గుండ్రంగా తిప్పాలి. ఈతలో కాలు చేసే పని అంతా చీలమండ మెత్తదనం మీద ఆధారపడి ఉంటుంది. చివరగా నాలుగైదు గుంజీళ్లు. మన పాత వ్యాయామశాలల గుంజీలను మించిన సన్నాహం కాళ్లకు మరొకటి లేదు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. పూర్వం కండరాన్ని సాగదీసి నిమిషాలపాటు అలాగే పట్టి ఉంచడమే సన్నాహమని నమ్మేవారు. ఈనాటి పరిశోధనలు వేరే సంగతి చెబుతున్నాయి. ఒక కండరాన్ని నిమిషానికి మించి సాగదీసి పట్టి ఉంచితే, ఆ వెంటనే చేసే చురుకైన పనిలో దాని బలం కొంత తగ్గుతుంది. కాబట్టి ఈతకు ముందు కదిలే వ్యాయామాలే మేలు. నిలిపి సాగదీయడం ఈత తరువాత చేసుకోవచ్చు.

నీటిలోకి దిగేటప్పుడు పాదాలు ముందు దిగాలి. తల ముందు కాదు. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకు ఈ క్రమం సరిపోతుంది. 200 మీటర్లు తీరికగా, పొడవైన బారలతో ఈదాలి. 100 మీటర్లు చెక్కను పట్టుకొని కాళ్లు మాత్రమే ఆడించాలి. మరో 100 మీటర్లు శిక్షకుడు చెప్పిన పద్ధతిలో బారను సరిదిద్దుకుంటూ ఈదాలి. చివరగా 25 మీటర్లు నాలుగు సార్లు; మెల్లగా మొదలుపెట్టి, గోడ చేరేసరికి పందెపు వేగం అందుకోవాలి. ఇంతా కలిపి 500 మీటర్లు. ఎనిమిది, తొమ్మిదేళ్ల వారికి ఇందులో సగం చాలు. అంతకన్న చిన్నవారికి నీటిలో ముట్టుకునే ఆటలే సన్నాహం.

సన్నాహం చాలిందని తెలిసేదెలా? ముఖం కొద్దిగా ఎరుపెక్కాలి. ఊపిరి చురుకు కావాలి. అయినా పిల్ల ఒక పూర్తి వాక్యాన్ని తడబడకుండా చెప్పగలగాలి. అలా చెప్పలేకపోతే అది సన్నాహం కాదు, శిక్షణ ముందే మొదలైనదన్నమాట.

ఉబ్బసం ఉన్న పిల్లలకు ఈ మెట్టు మరింత ముఖ్యం. నిదానంగా ఒళ్లు వేడిచేసుకొని ఈదిన పిల్లలలో చాలామందికి శ్రమవలన వచ్చే ఆయాసం తగ్గుతుంది. డాక్టరు ఇచ్చిన మందు మాత్రం ఒడ్డున అందుబాటులో ఉండితీరాలి. మండువేసవిలో, ఎండకు చెరువు నీరు గోరువెచ్చగా ఉన్నప్పుడు సన్నాహాన్ని కుదించి, నీడలో చేయించి, మధ్యమధ్య మంచినీళ్లు తాగించాలి. నీటిలో ఉన్నా చెమట పోస్తుంది. అది కనబడదు, అంతే.

ఆ నలభై నిమిషాలు

సన్నాహాన్ని చక్కగా చేసి, దాని ఫలితాన్ని కాచుకొని కూర్చోవడంలో పోగొట్టుకోవడం పోటీలలో నిత్యం జరిగే ముచ్చట. కాచుకొని ఉండడం ఎంత కఠినమైనదో కోల్‌కతా ఈతగత్తె ఆరతి సాహా కథ చెబుతుంది.

1940లో పుట్టిన ఆరతి, అయిదేళ్ల ప్రాయంలోనే, 1946లో ఒక పోటీలో స్వర్ణపతకం గెలుచుకున్నది. ఆమెలోని ప్రతిభను గుర్తించినవాడు సచిన్ నాగ్. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో 100 మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచి, ఆ క్రీడలలో భారతదేశానికి తొలి స్వర్ణం తెచ్చిన ఈతగాడు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్లేనాటికి ఆరతికి పన్నెండేళ్లు కూడ నిండలేదు.

ఇంగ్లీషు చానెల్ ఈదాలని నిశ్చయించుకున్నాక ఆమె చేసిన సాధన సామాన్యమైనది కాదు. 1959 ఏప్రిల్ 13న దేశబంధు పార్కు తటాకంలో ఎనిమిది గంటలు ఆగకుండా ఈదింది. ఆ తరువాత పదహారు గంటలు. ఆగస్టు 27న ఫ్రాన్సు తీరంలో సిద్ధంగా నిలబడింది. దారి చూపవలసిన పడవ సమయానికి రాలేదు. నలభై నిమిషాలు ఆలస్యమైంది. అనుకూలమైన ఘడియ దాటిపోయింది. అయినా ఈదింది. ఇంగ్లండు తీరం అయిదు మైళ్ల దూరంలో ఉండగా ఎదురు ప్రవాహం అడ్డగించింది. ఎన్నో గంటలు పోరాడి, చివరకు విరమించుకోక తప్పలేదు.

నెల దాటిన కొద్ది రోజులకే, సెప్టెంబరు 29న ఆమె మళ్లీ నీటిలో దిగింది. 16 గంటల 20 నిమిషాలలో 42 మైళ్లు ఈది, ఇంగ్లండులోని శాండ్‌గేట్ చేరింది. చానెల్ ఈదిన మొదటి ఆసియా మహిళ ఆమె. 1960లో పద్మశ్రీ లభించింది.

ఆగస్టులో ఆరతి పోగొట్టుకున్నది సముద్రపు పోటును. ఒంటి వేడిని కాదు. మన పిల్లలు ఈదేది సముద్రంలో కాదు. కాని నలభై నిమిషాల ఆలస్యం వారికి మరొక విధంగా నష్టం తెస్తుంది. ఉదయం ఎనిమిదికి సన్నాహం చేయిస్తారు. ప్రారంభోత్సవం, ఉపన్యాసాలు, పూలదండలు ముగిసి పందెం మొదలయ్యేసరికి తొమ్మిది దాటుతుంది. తడి దుస్తులతో, సిమెంటు అరుగు మీద కూర్చున్న పిల్లల కండరాలు మళ్లీ మొదటికి వస్తాయి.

2013లో బ్రిటన్‌లో జరిగిన ఒక పరిశోధనలో ఆరితేరిన ఈతగాళ్లకు ఒకే విధమైన సన్నాహం చేయించి, ఒకసారి 20 నిమిషాలకు, మరొకసారి 45 నిమిషాలకు 200 మీటర్లు ఈదించారు. 45 నిమిషాలు కూర్చున్నప్పుడు దాదాపు ఒకటిన్నర శాతం వెనుకబడ్డారు. అంటే రెండు సెకన్లకు కొంచెం తక్కువ. జిల్లా పోటీలలోనైనా స్థానం తారుమారు కావడానికి అంత తేడా చాలు.

దీనికి విరుగుడు సులభం. నీటి సన్నాహం ముగియగానే ఒళ్లు తుడుచుకొని పొడి దుస్తులు వేసుకోవాలి. కాళ్లకు మేజోళ్లు, భుజాలపైన స్వెటరో దుప్పటియో ఉండాలి. పేరు పిలవడానికి పది నిమిషాల ముందు లేచి చేతులు తిప్పడం, గుంజీలు తీయడం మరొకసారి చేయాలి. పోటీలు నిర్వహించే పెద్దలు చేయగల ఉపకారం ఒకటే: ఉపన్యాసాలను సన్నాహానికి ముందు పెట్టడం.

చల్లారడమూ ఒక పనే

పందెం ముగిసింది. గోడను తాకిన పిల్ల గుండె దడదడ కొట్టుకుంటున్నది. ఆ క్షణంలో ఆమెను చేయి పట్టి పైకి లాగడం పెద్దల ఆప్యాయత. కాని అది సరియైన పని కాదు.

తీవ్రంగా ఈదుతున్నప్పుడు కాళ్లలోని రక్తనాళాలు బాగా విప్పారి ఉంటాయి. ఆ రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చేది కాళ్ల కండరాల కదలికే. దానికి తోడు చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కూడ రక్తాన్ని పైకి తోస్తూ ఉంటుంది. ఒక్కసారిగా ఆగి, నిటారుగా మెట్లెక్కితే ఆ రెండు సహాయాలూ ఒకేసారి పోతాయి. రక్తం కాళ్లలో నిలుస్తుంది, మెదడుకు చాలదు. కళ్లు బైర్లు కమ్ముతాయి. తడి మెట్ల మీద, గట్టి సిమెంటు అంచున తల తిరగడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. అయిదారు నిమిషాలు మెల్లగా ఈదితే గుండె నిదానంగా తన మామూలు గతికి వస్తుంది.

రెండవ లాభం, ఒకే రోజు రెండు మూడు పందేలలో దిగేవారికి. తీవ్రమైన శ్రమలో కండరాలలో లాక్టేట్ పేరుకుంటుంది. ఒకచోట కూర్చున్నవారి రక్తంలో అది తగ్గడానికి పట్టే కాలంలో దాదాపు సగం కాలానికే, మెల్లగా ఈదేవారిలో తగ్గుతుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 8 స్వర్ణ పతకాలు గెలిచిన మైకేల్ ఫెల్ప్స్, వాటికోసం తొమ్మిది రోజులలో 17 సార్లు పందెంలో దిగవలసి వచ్చింది. ఒక పందెం ముగియగానే మరొక కొలనులో మెల్లగా ఈదుతూ తరువాతి పందేనికి ఒంటిని సిద్ధం చేసుకోవడం అతని దినచర్యలో భాగం. ప్రపంచం చూసినది పతకాలను. ఆ నెమ్మదైన ఈతను చూసినవారు తక్కువ.

ఇక్కడ కొన్ని అపోహలను కూడ తొలగించుకోవాలి. మరునాటి ఒళ్లు నొప్పులకు లాక్టిక్ ఆమ్లమే కారణమని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. లాక్టేట్ గంట రెండు గంటలలోనే రక్తం నుండి తొలగిపోతుంది. గుండె, ఇతర కండరాలు దానిని ఇంధనంగా కూడ వాడుకుంటాయి. మరునాటి నొప్పి అలవాటులేని శ్రమవలన కండరపు పోగులకు కలిగే సూక్ష్మమైన దెబ్బల ఫలితం. మెల్లని ఈత గాని, సాగదీయడం గాని ఆ నొప్పిని పెద్దగా తగ్గించవని పరిశోధనలు చెబుతున్నాయి. చేయని మేలును దానికి అంటగట్టనక్కరలేదు. చేసే మేలు చాలినంత ఉన్నది.

పిల్లల విషయంలో ఒక ఊరట కూడ ఉన్నది. యుక్తవయస్సు రాని పిల్లల కండరాలలో లాక్టేట్ పెద్దలలో అంతగా పేరుకోదు. వారు త్వరగా కోలుకుంటారు. కాబట్టి వారికి 100 నుండి 200 మీటర్ల మెల్లని ఈత చాలు. అందులో కొంత వెల్లకిల ఈదితే భుజాలకు మార్పు దొరుకుతుంది, ఊపిరి తీసుకోవడం సులభమవుతుంది. బయటికి వచ్చి తుడుచుకున్నాక, ఒళ్లు వెచ్చగా ఉండగానే, ఒక చేతిని ఛాతీ మీదుగా అవతలి వైపుకు తెచ్చి పదిహేను, ఇరవై సెకన్లు పట్టి ఉంచడం; పిక్కలను, తొడలను అలాగే సాగదీయడం మంచి అలవాటు. తరువాత మంచినీళ్లు, గంటలోగా ఏదైనా ఆహారం. ఒక అరటిపండు, ఒక గ్లాసు పాలు చాలు.

అలసిన పిల్లల బార చెడిపోతుంది. చెడిన బారతోనే రోజు ముగిస్తే శరీరం దానినే నేర్చుకుంటుంది. మెల్లగా, శ్రద్ధగా వేసిన చివరి ఇరవై బారలు ఆ రోజు పాఠానికి చేవ్రాలు వంటివి.

చేయకూడనివి మూడు

మొదటిది: ఒకరి చేతులను మరొకరు వెనుకకు లాగడం. ఈతకు ముందు పిల్లలు జంటలుగా నిలబడి, ఒకరి రెండు చేతులను వీపు వెనుక కలిసేటట్లు లాగడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. చూడడానికి అది గొప్ప మెత్తదనంగా తోస్తుంది. కాని ఈతగాళ్ల భుజపు కీళ్లు అప్పటికే వదులు. అలా లాగినప్పుడు సాగేది కండరం కాదు, కీలును కట్టి ఉంచే పొర. అది ఒకసారి సాగితే మళ్లీ బిగియడం కష్టం.

రెండవది: నీటి అడుగున ఈదడానికి ముందు గబగబ గట్టిగా ఊపిరి తీసి వదలడం. ఇది సన్నాహం కాదు, మృత్యువుకు పిలుపు. ఊపిరి పీల్చాలన్న తహతహను మనలో పుట్టించేది ప్రాణవాయువు కొరత కాదు, రక్తంలో పెరిగే బొగ్గుపులుసు వాయువు. గబగబ ఊపిరి తీస్తే ఆ వాయువు అంతా వెళ్లిపోతుంది. ప్రాణవాయువు మాత్రం పెద్దగా పెరగదు. నీటి అడుగున ప్రాణవాయువు అడుగంటుతున్నా హెచ్చరిక రాదు. పిల్లవాడు పెనుగులాడకుండా, చప్పుడు లేకుండా స్పృహ తప్పుతాడు. ఒడ్డున ఉన్నవారు వాడు ఇంకా ఈదుతున్నాడనే అనుకుంటారు. బాగా ఈత వచ్చినవారే ఇలా చనిపోతుండడం విచారకరం. ‘ఎవరు ఎక్కువసేపు మునుగుతారో చూద్దాం’ అనే పందెాన్ని ఏ కొలనులోనూ అనుమతించరాదు.

మూడవది: భుజం నొప్పిని సన్నాహంతో కప్పిపుచ్చడం. వేడెక్కిన కండరంలో నొప్పి కొంతసేపు మరుగున పడుతుంది. సన్నాహం తరువాత పోయి, ఈత తరువాత తిరిగివచ్చే నొప్పి, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోనివ్వని నొప్పి డాక్టరుకు చూపించవలసిన నొప్పి. ‘ఓర్చుకో’ అనే మాట అక్కడ పనికిరాదు.

చోటు లేనప్పుడు

ఇదంతా ఎనిమిది లేన్ల కొలను ఉన్నవారికే సాధ్యమని అనిపించవచ్చు. ఒక లేనులో పన్నెండు మంది పిల్లలు తోసుకునే చోట పది నిమిషాల నెమ్మదైన ఈత ఎక్కడ? ఉపాయం లేకపోలేదు. ఒక బృందం నీటిలో చివరి 200 మీటర్లు మెల్లగా ఈదుతుండగానే, తరువాతి బృందం ఒడ్డున చేతులు తిప్పుతూ ఉండవచ్చు. సన్నాహపు ఈతను అందరూ లేనుకు కుడివైపున వరుసగా, ఒకరి వెనుక ఒకరు, వలయంగా ఈదవచ్చు. గంటలో పదిహేను నిమిషాలు పోయాయని బాధపడనక్కరలేదు. వేడెక్కిన ఒంటితో నేర్చిన నలభై అయిదు నిమిషాలు, చల్లని ఒంటితో పెనుగులాడిన గంటకన్న ఎక్కువ.

మన పల్లెలలో పిల్లలు మునగబెండ్లు, సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకొని బావులలో, కాలువలలో ఈత నేర్చుకున్నారు. బెంగాలు పిల్లలు ఇంటి వెనుక చెరువులో నేర్చుకున్నారు. అటువంటి చోట్ల కొలతలు లేవు, లేన్లు లేవు. అయినా సన్నాహానికి అడ్డు లేదు. గట్టు మీద అయిదు నిమిషాలు ఒళ్లు కదలించి, మెట్ల మీదుగా నడుములోతు వరకు నడిచి, గట్టు పొడవునా నాలుగైదు సార్లు మెల్లగా ఈదితే అదే చాలు. తెలియని లోతులోకి తలకిందులుగా దూకరాదు. పోటీల కొలనులలోనైనా, దూకే దిమ్మెలున్న చోట నీరు కనీసం 1.35 మీటర్ల లోతు ఉండాలని అంతర్జాతీయ నియమం. ఊరి చెరువుకు అటువంటి హామీ ఇచ్చేవారు లేరు. ఒంటరిగా అసలే దిగరాదు.

శిక్షకుడు ఒక్కడే ఇన్నిటినీ చూడలేడు. తల్లిదండ్రులు రెండు పనులు చేయవచ్చు. మొదటిది, పిల్లలను పది నిమిషాలు ముందుగా కొలనుకు చేర్చడం. సగం సన్నాహాలు ట్రాఫిక్‌లోనే చిక్కుకొని పోతున్నాయి. రెండవది, విజిలు మోగగానే తువ్వాలు పట్టుకొని ‘త్వరగా రా’ అని పిలవకపోవడం.

ఇంటికి వెళ్లే దారిలో పిల్లను ‘ఎన్నో స్థానం వచ్చింది?’ అని అడగడం మానవ సహజం. అడగండి. కాని దానికి ముందు మరొక ప్రశ్న అడగండి: ‘చివర కాసేపు మెల్లగా ఈదావా, అమ్మా?’ వారం రోజులు వరుసగా అడిగి చూడండి. ఎనిమిదవ రోజున మీరు అడగకముందే ఆ పిల్ల జవాబు చెబుతుంది.